కట్టె పొగ – గ్యాసు వేడి

పొయ్యిలో పెట్టిన కట్టె మనకు రెండింటిని ఇస్తుంది. ఒకటి వేడి, రెండవది పొగ. ఇంటి ఇల్లాలికి మొదటిదే కావాలి, రెండవది అక్కరలేదు. కన్నులు మండించే ఆ పొగను బయటికి పంపడానికే పొగగొట్టాలు పుట్టాయి. దానిని పూర్తిగా వదిలించుకోవడానికే గ్యాసు పొయ్యి ఇంటింటికీ వచ్చింది. అయితే ఆ పొగనే కోరి, దాని కోసమే పొయ్యి కట్టుకొనే వంట ఒకటున్నది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ప్రసిద్ధమైన బార్బెక్యూ అటువంటిది. ఆ వంటకు వాడే సాధనాన్ని స్మోకరు అంటారు. ఇంటివద్ద స్వయంగా చేసుకొన్న స్మోకరుకు ఒక చిన్న గ్యాసు బర్నరును తోడుగా అమర్చే పద్ధతి గురించి, అందలి లాభాన్ని గురించి, అంతకంటె ముఖ్యంగా అందలి ప్రమాదాన్ని గురించి ఈ వ్యాసంలో వివరించదలచాము.

సాహిత్యం బోధించేవారికి పొయ్యి గొడవ ఎందుకని కొందరు విద్యార్థులు నవ్వుకోవచ్చు. ఈ ప్రశ్న మా దాకా వచ్చింది విద్యార్థుల ద్వారానే. టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్, డల్లాస్ నగరాలలో స్థిరపడిన మనవారు కొందరు పెరటిలో ఇనుప డ్రమ్ములు కోసి స్మోకర్లు చేసుకొని, హలాల్ మాంసం తెచ్చుకొని వండుకొంటున్నారు. "గ్యాసు కలిపితే రుచి పోతుందా, పోదా?" అని వారిలో వారు తర్కించుకొంటారు. ఇక్కడ రంజాన్ మాసంలో హలీం బట్టీల వద్ద అదే తర్కం మరొక రూపంలో మన చెవిని పడుతూనే ఉంటుంది. రెండు తర్కాలకూ మూలం ఒక్కటే: మంట చేసే పనులు ఎన్ని, వాటిలో ఏది ఎవరిచేత చేయించవచ్చు?

ముందుగా ఆ వంట స్వభావం తెలియాలి. బార్బెక్యూ అనే మాట కరీబియన్ దీవులలోని తైనో జాతివారి భాషనుండి స్పానిషు ద్వారా ఇంగ్లీషులోనికి వచ్చింది. నిప్పుకు పైన ఎత్తుగా కట్టిన కర్రల పందిరి దాని మొదటి అర్థం. అనగా మాంసం నిప్పును తాకదు. నిప్పు నుండి వచ్చే వెచ్చని పొగలో నెమ్మదిగా ఉడుకుతుంది. సీకు కబాబును నిప్పుకణికల మీద గబగబా కాల్చడానికీ దీనికీ ఎంతో భేదం ఉన్నది. స్మోకరు లోపలి వేడిని సాధారణంగా 107 నుండి 121 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచుతారు. టెక్సస్ వారు మెచ్చే పశువు ఛాతీ మాంసం పెద్ద ముక్క అయితే ఆ వేడిలో 10 నుండి 14 గంటలు ఉండవలసి వస్తుంది.

ఇంత కాలం ఎందుకు? ఛాతీ భాగం నిరంతరం శ్రమించే కండ. దానిలో కొల్లాజెన్ అనే గట్టి నారపదార్థం అధికం. సుమారు 70 డిగ్రీలు దాటిన తరువాతనే అది చెప్పుకోదగిన వేగంతో కరిగి జెలటిన్‌గా, అంటే జిగురుగా మారుతుంది. మాంసం లోపలి వేడి 90, 95 డిగ్రీలకు చేరి కొంతసేపు నిలిచినప్పుడే ముక్క వేళ్ళతో విడిపోతుంది. రాత్రంతా సన్నని సెగమీద ఉంచిన నిహారీని, పాయాను ఎరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. పాయా చల్లారితే గిన్నెలో గడ్డకట్టేది ఆ జెలటినే.

మధ్యలో ఒక చిత్రం జరుగుతుంది. మాంసం లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గరకు వచ్చి, ఇక కదలక కొన్ని గంటలపాటు నిలిచిపోతుంది. కొత్తవారు మంట చాలలేదని కంగారుపడి కట్టెలు గుప్పిస్తారు. అసలు కారణం వేరు. ముక్క పైభాగాన ఊరుతున్న తడి ఆవిరవుతూ, తనతో వేడిని తీసుకొనిపోతుంది. వేసవిలో మట్టి కూజాలో నీరు చల్లబడే సూత్రమే ఇది. ఉపరితలం ఎండేదాకా ఓపిక పట్టవలసిందే. ఈ గంటలలోనే స్మోకరు వేడి నిలకడగా ఉండాలి. ఇవి సాధారణంగా అర్ధరాత్రి వేళలు కూడ.

ఇక పొగ. కట్టెలో సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్ అని మూడు ప్రధాన పదార్థాలున్నవి. వేడికి లిగ్నిన్ విచ్ఛిన్నమైనప్పుడు గ్వయకాల్, సిరింగాల్ అనేవి పుడతాయి. పొగ రుచి, పొగ వాసన అని మనం అనేవి ముఖ్యంగా వీటివే. కట్టె గాలి చాలక ఊపిరాడనట్లు కుములుతూ ఉంటే దట్టమైన తెల్లని పొగ వస్తుంది. అది మాంసానికి చేదునూ, నల్లని జిడ్డునూ అంటిస్తుంది. చక్కగా గాలి తగిలి చిన్న జ్వాలతో కాలే ఎండు కట్టె నుండి కంటికి ఆననంత పలుచని నీలిరంగు పొగ వస్తుంది. అనుభవజ్ఞులు కోరేది ఈ పొగనే. కోసిన ముక్క అంచున కనబడే గులాబీరంగు వలయం గురించి కూడ ఒక మాట చెప్పాలి. చాలమంది అది పొగ రంగు అనుకొంటారు. మంటలో పుట్టే నైట్రిక్ ఆక్సైడు, కార్బన్ మోనాక్సైడు వాయువులు మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగును నిలుపుతాయి. గ్యాసు మంటలోనూ ఆ వాయువులు కొద్దిగా పుడతాయి. కనుక ఆ వలయాన్ని చూసి ఇది కట్టె వంట అని ప్రమాణం చేయరాదు.

టెక్సస్‌లో ఓక్ జాతి కట్టెతోపాటు మెస్కీట్ అనే కట్టెను వాడతారు. అది మనకు పరాయిది కాదు. మన చెరువుగట్ల మీద, బీడుభూములలో విచ్చలవిడిగా పెరిగి రైతును విసిగించే సర్కారు తుమ్మ దాని దగ్గరి చుట్టమే. ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. సర్కారు తుమ్మ కూడ అమెరికా ఖండం నుండే 19వ శతాబ్దిలో మన దేశానికి తెచ్చినది. అక్కడివారు డబ్బిచ్చి కొనే కట్టెకు బంధువును ఇక్కడ మనం శాపనార్థాలు పెడుతూ నరికి బొగ్గు చేస్తున్నాము.

ఇప్పుడు చిక్కు ఎక్కడున్నదో చెప్పవచ్చు. ఒకే కట్టె వేడినీ, పొగనూ సమపాళ్ళలో ఇయ్యాలి. ఆ రెండు పనులు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. మంచి పొగకు గాలి బాగా తగలాలి. గాలి తగిలితే మంట పెరిగి వేడి హద్దు మీరుతుంది. వేడి తగ్గించుదామని గాలి మూస్తే కట్టె కుమిలి చేదు పొగ వస్తుంది. అందుచేత చిన్న మంటను పెట్టి, ముప్పాతిక గంటకో గంటకో ఒక కట్టెముక్క వేస్తూ, తెల్లవార్లూ ఒకరు కాపలా కాయవలసి వస్తుంది. కట్టె పచ్చిదయితే బాధ మరింత. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,260 కిలోజౌళ్ళ వేడి వృథా అవుతుంది. బార్బెక్యూ దుకాణాలలో రాత్రి కాపరి కంటి ఎరుపు, మన బట్టీ వద్ద నిలబడే వంటవాని దగ్గు ఈ చిక్కు ఫలితాలే. రుచిని పొగిడే మనము ఆ దగ్గును లెక్కలోనికి తీసుకోవడం అరుదు.

గ్యాసు తోడు బర్నరు ఈ రెండు పనులను విడదీస్తుంది. వేడి గ్యాసుది, పొగ కట్టెది. వేడి చూసుకొనేవారు వేరే ఉన్నారు కనుక కట్టె కొద్దిగా ఉన్నా చాలును. ఇది పరదేశపు కొత్త తెలివి అనుకొనవద్దు. మన వంటిండ్లలో ధుంగార్ పెట్టే పద్ధతి సరిగా ఇదే. కూర ఏ పొయ్యి మీదనో ఉడుకుతుంది. దించిన తరువాత గిన్నె నడుమ చిన్న కటోరాలో ఎర్రని బొగ్గు ఉంచి, దానిమీద చెంచాడు నెయ్యి వేసి, గుప్పున పొగ లేవగానే మూత పెడతారు. ఐదారు నిమిషాలలో కూర అంతా పొగవాసన పట్టుకొంటుంది. వేడికి ఒక నిప్పు, వాసనకు మరొక నిప్పు. స్మోకరులోని బర్నరు ఈ పనినే పది గంటలపాటు చేస్తుంది.

అమరిక కష్టమైనది కాదు. ఈ సాధనాల చరిత్ర అంతా చేతిపనివారిదే. 1952లో షికాగో ప్రాంతంలోని వెబర్ బ్రదర్స్ లోహపు కర్మాగారంలో పనిచేసే జార్జ్ స్టీఫెన్ అనే వ్యక్తి, నీటిమీద తేలే గుండ్రని ఇనుప బోయాను అడ్డంగా కోసి మూతగల బొగ్గుల పొయ్యి చేశాడు. అది తరువాత ప్రపంచమంతటా అమ్ముడయింది. ఇంటి స్మోకరుకు ఎక్కువగా వాడేది 55 గ్యాలన్ల, అంటే సుమారు 208 లీటర్ల ఇనుప డ్రమ్ము. అందులో పూర్వం రసాయనాలు, పురుగుమందులు ఉండి ఉంటే దానిని తాకనే కూడదు. జింకుపూత గల రేకును కూడ వాడరాదు. మంట తగిలితే దానినుండి వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది.

డ్రమ్ము అడుగున గుండ్రని పోత ఇనుప బర్నరును అమర్చుతారు. అది మన రసాయనశాలలోని బున్సెన్ బర్నరుకు తమ్ముడు. 1855లో బున్సెన్ హైడెల్బర్గులో వాడుకలోనికి తెచ్చిన సూత్రమే ఇక్కడా ఉన్నది: సన్నని రంధ్రం నుండి వేగంగా వచ్చే గ్యాసు పక్క కంతల నుండి గాలిని తనతో లాగుకొని, కలిసి కాలుతుంది. గాలి సరిపోతే నీలి జ్వాల. చాలకపోతే పసుపు జ్వాల, మసి, విషవాయువు. ఒక పాలు ప్రొపేను పూర్తిగా కాలడానికి దాదాపు 24 పాళ్ళ గాలి కావాలి. ఆ గాలి డ్రమ్ములోని పొగ నుండి రారాదు. కనుక బర్నరు మెడ, దాని గాలి కంతలు డ్రమ్ముకు వెలుపల ఉండేటట్లు చూడాలి. చాలమంది పొరపాటు పడేది ఇక్కడే. బర్నరు మొత్తాన్ని లోపల పెట్టి, అది తన పొగను తానే పీల్చి ఆరిపోతుంటే గ్యాసు మంచిది కాదని తిట్టుకొంటారు.

బర్నరుకు పైన గొడుగువలె వంచిన మందపు ఇనుప పట్టీ ఒకటి ఉండాలి. బూడిద, కొవ్వు రంధ్రాలలో పడకుండా అది కాపాడుతుంది. దానిమీద ఇనుప పళ్ళెంలో రెండు మూడు పిడికెడంత ఎండు కట్టెముక్కలు ఉంచితే, కింది వేడికి అవి రాజుకొని పొగనిస్తాయి. ఆపైన ఒక నీటి పళ్ళెం, దానిపైన మాంసపు జల్లెడ. నీటి పళ్ళెం అలంకారం కాదు. కొవ్వు నేరుగా మంటలో పడితే బెంజోపైరీన్ వంటి కేన్సరు కారకాలు పుట్టి పొగతో తిరిగి మాంసానికే అంటుకొంటాయి.

ఖర్చు లెక్క విద్యార్థులే వేయగలరు. 3 కిలోవాట్ల బర్నరు 10 గంటలు నిండుగా మండితే 108 మెగాజౌళ్ళు. ఒక కిలో గ్యాసు సుమారు 46 మెగాజౌళ్ళ వేడినిస్తుంది. కాబట్టి రెండుంబావు, రెండున్నర కిలోల మధ్య. ఇంటి సిలిండరులోని 14.2 కిలోలలో దాదాపు ఆరవ వంతు. అదే వేడి ఎండు కట్టెనుండి రావాలంటే కనీసం 7 కిలోలు కావాలి. పైగా గ్యాసు కాలినప్పుడు కిలోకు సుమారు ఒకటిన్నర కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అది వృథా కాదు. తడి ఆరని మాంసానికే పొగ బాగా పట్టుకొంటుంది.

ఇంతవరకు లాభం చెప్పాము. కట్టె మంట ఆరిపోతే వంట చెడుతుంది, అంతే. గ్యాసు మంట ఆరిపోతే అప్పుడే ప్రమాదం మొదలవుతుంది. ఈ భేదం మనసుకు పట్టనివారు ఈ పనికి పూనుకోకూడదు.

గాలి విసిరినా, నీటి పళ్ళెం ఒలికినా బర్నరు ఆరవచ్చు; గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. వంటగ్యాసు గాలికంటె బరువైనది. ప్రొపేను ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు. అది పైకి పోక నీరువలె డ్రమ్ము అడుగున చేరుతుంది. గాలిలో నూటికి 2 పాళ్ళు చేరిందంటే అంటుకొనడానికి సిద్ధంగా ఉన్నట్లే. 200 లీటర్ల డ్రమ్ములో నూటికి 2 అంటే 4 లీటర్లు. పైన చెప్పిన 3 కిలోవాట్ల బర్నరు, గ్యాసు బయటికి పోయే దారి లేకపోతే, ఆ 4 లీటర్లను రెండు రెండున్నర నిమిషాలలో నింపుతుంది. మామూలు పొయ్యిలోనైతే అగ్గిపుల్ల గీసినప్పుడే భయం. ఇక్కడ అగ్గిపుల్లతో పనిలేదు. పళ్ళెంలో కణకణలాడే కట్టెముక్క పక్కనే ఉన్నది.

మరొక సంగతి ఉన్నది. గ్యాసుకు సహజంగా వాసన లేదు. లీకయితే తెలియాలని మెర్కాప్టాన్ అనే దుర్వాసన పదార్థాన్ని కలుపుతారు. స్మోకరు వద్ద ఆ హెచ్చరిక కట్టె పొగలో మునిగిపోతుంది. ముక్కును నమ్ముకొని ఉండడం కుదరదు. అందువలన మంట ఆరితే తనంతట గ్యాసును కట్టివేసే కవాటం తప్పనిసరి. రెండు వేర్వేరు లోహాల తీగలను కలిపిన కొస జ్వాలలో వేడెక్కినంతసేపు కొద్ది మిల్లీవోల్టుల విద్యుత్తు పుట్టి, ఒక చిన్న విద్యుదయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది. జ్వాల పోతే కొస చల్లారి, అయస్కాంతం వదిలి, స్ప్రింగు కవాటాన్ని మూస్తుంది. దీనిని థర్మోకపుల్ కవాటం అంటారు. ఇది లేని ఇంటి స్మోకరుకు గ్యాసు తగిలించడం మా దృష్టిలో సాహసం కాదు, అవివేకం. ఇది ఉన్నా డ్రమ్ము అడుగున గ్యాసు జారిపోవడానికి కంతలు ఉండాలి.

వెలిగించేటప్పుడు మూత పూర్తిగా తీసి, మొదట అగ్గిని దగ్గర ఉంచి, తరువాతనే గ్యాసు తిప్పాలి. మంట ఆరినట్లు కనబడితే కవాటం కట్టి, మూత తీసి, కట్టెల పళ్ళెం బయటికి లాగి, కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. ఇంటి లోపల, వరండాలో, షామియానా కింద దీనిని వాడరాదు. కుములే కట్టె నుండి కార్బన్ మోనాక్సైడు వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. చలికాలంలో తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రలోనే పోయినవారి వార్తలు పత్రికలలో మనం చదువుతూనే ఉన్నాము.

రుచి తగాదాకు వద్దాము. గ్యాసు తగిలితే అది బార్బెక్యూయే కాదనేవారు అక్కడ ఎందరో ఉన్నారు. పొగ కట్టెదే అయినప్పుడు వేడి ఎక్కడనుండి వచ్చిందో మాంసం అడగదని మా అభిప్రాయం. కట్టెను పూర్తిగా మానివేసి, సీసాలో అమ్మే పొగరసం చల్లి, కట్టె వంట అని బల్ల కట్టడం మాత్రం మోసమే.

హలీం సంగతి వేరు. హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇటుక, మట్టితో కట్టిన బట్టీలో దేగ్ భుజాలదాకా దిగి ఉంటుంది. అక్కడ పొగకు పాత్ర స్వల్పం. గోధుమ, మాంసం కలిసి ఉడికే గిన్నెలోనికి అది చేరేది కొంచెమే. కట్టె అక్కడ చేసే గొప్ప పని వేడిని పరచడం. పొడుగాటి జ్వాల దేగ్ చుట్టూ ఎగబాకుతుంది. ఇటుక ఆ వేడిని దాచుకొని నాలుగు వైపుల నుండి తిరిగి ఇస్తుంది. దానిని తీసివేసి చిన్న గ్యాసు బర్నరును సరిగా నడుమ పెడితే వేడి ఒకేచోట తగిలి అడుగంటుతుంది. అప్పుడు వంటవారు గ్యాసును నిందిస్తారు. తప్పు గ్యాసుది కాదు, బర్నరు వైశాల్యానిది. దేగ్ అడుగుకు సరిపోయే వెడల్పాటి వలయపు బర్నరు పెట్టి, బట్టీ గోడను ముందుగా కట్టెలతోనే బాగా కాల్చి, ఆ తరువాత రాత్రి గంటలను గ్యాసుకు అప్పగిస్తే కట్టె సగానికి సగం మిగులుతుంది. కలియబెట్టేవారి కన్నులూ మిగులుతాయి.

మన వసతిగృహపు వంటశాలలోగాని, ఇఫ్తార్ విందుకు ఆవరణలో వేసే బట్టీకిగాని ఇటువంటి అమరిక చేయదలచితే, కమిటీ వారు మూడు సంగతులు ముందుగా తేల్చుకోవాలని మనవి. ఇంటి అవసరాలకు ఇచ్చే సిలిండరును ఇందుకు వాడరాదు. వాణిజ్యానికి ఇచ్చే 19 కిలోల సిలిండరునే తీసుకోవాలి. అధిక ధారలో వాడితే సిలిండరు చల్లబడి, పైన మంచు పట్టి, పీడనం తగ్గుతుంది. అప్పుడు కొందరు దానిని వేడినీళ్ళలో పెట్టడం, పొయ్యి దగ్గరకు జరపడం చేస్తారు. అది ఎంతమాత్రం కూడదు. రెండు సిలిండర్లను జంటగా కలిపే అమరికను సరఫరాదారు చేతనే చేయించుకొంటే ఆ అవసరమే రాదు. మూడవది, రాత్రికి ఒక బాధ్యుని పేరు రాసి పెట్టడం. బర్నరు ఉన్నది కదా అని అందరూ నిద్రపోకూడదు. వంట ముగిసిన తరువాత ముందుగా సిలిండరు కవాటం కట్టి, గొట్టంలో మిగిలిన గ్యాసు కాలిపోయి మంట తానుగా ఆరేదాకా చూచి, అప్పుడు బర్నరు కవాటం కట్టడం ఆ బాధ్యుని ఆఖరి పని.